వెలుగు చెల్లించు సుంకము

బేతంచెర్ల పేరు చెప్పగానే తెలుగువారికి నాపరాయి జ్ఞప్తికి వచ్చును. నంద్యాల జిల్లాలోని ఈ ఊరి చుట్టుపట్ల గనులలో తీసిన బండలు ఎన్నో ఇండ్లకు నేలలైనవి. నీడ లేని ఆ గనులలో మిట్టమధ్యాహ్నము లెక్కలు చూచు గుమాస్తా ఒకరు ఫోను తెరచినారనుకొందము. ఎండకు తెర మసకబారును. వెలుగు పెంచినచో బ్యాటరీ త్వరగా తరుగును, ఫోను వేడెక్కును. ఎక్కువ వెలుగునకు ఎక్కువ విద్యుత్తు కావలెననుట న్యాయమే. కాని నేడు అనేక ఫోనులలో ఉన్న ఓ.ఎల్.ఇ.డి. తెరలు అంతకు మించిన సుంకము వసూలు చేయును. వెలుగు పెంచినకొద్దీ అవి పుచ్చుకొన్న విద్యుత్తుకు ఇచ్చు ఫలము తగ్గిపోవును. ఈ లోపముతో శాస్త్రజ్ఞులు జరిపిన పెనుగులాట తెలిసికొనదగినది.

కర్బన సమ్మేళనములను విద్యుత్తుతో వెలిగించు యత్నము పాతదే. 1963లో న్యూయార్కు విశ్వవిద్యాలయమున మార్టిన్ పోప్, ఆయన సహచరులు ఆంత్రసీన్ స్ఫటికమును వెలిగించినారు. అందుకు సుమారు 400 వోల్టులు కావలసివచ్చినది. అది ప్రయోగశాలలోని వింతయే గాని ఇంటికి పనికివచ్చు దీపము కాదు. 1987లో ఈస్ట్‌మన్ కోడక్ సంస్థకు చెందిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అను వారు రెండు పలుచని పొరలను ఒకదానిపై నొకటి పేర్చినారు. రెండింటి మందము కలిపినను మిల్లీమీటరులో ఏడువేలవ వంతుకు అటు ఇటు. ఒక పొర ధనావేశమును, మరియొకటి ఎలక్ట్రానులను కొనితెచ్చును. రెండును కలిసిన చోట వెలుగు పుట్టును. పది వోల్టుల లోపుననే చదరపు మీటరుకు 1000 కాండెలాలకు మించిన కాంతి లభించినది. అయినను పంపిన నూరు ఎలక్ట్రానులకు బయటికి వచ్చిన కాంతికణము సుమారు ఒక్కటే.

ఇందుకు ముఖ్యకారణమొకటి అణువులలోనే ఉన్నది. ఆవేశములు కలిసినపుడు ఏర్పడు ఉత్తేజిత స్థితులు రెండు విధములు. నాలుగింట ఒకటి ‘సింగ్లెట్’. అది వెంటనే వెలుగునిచ్చును. తక్కిన మూడును ‘ట్రిప్లెట్’లు. సాధారణ పదార్థములలో ఇవి వెలుగక వేడియై పోవును. 1998లో ప్రిన్స్‌టన్‌కు చెందిన స్టీఫెన్ ఫారెస్ట్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన మార్క్ థాంప్సన్, వారి బృందము ప్లాటినము వంటి బరువైన లోహమును అణువులో చేర్చి ట్రిప్లెట్‌లను సైతము వెలిగించినారు. 2001 నాటికి తక్కువ ప్రకాశమున పొర లోపల దాదాపు ప్రతి కలయికయు కాంతిగా మారు స్థితి వచ్చినది.

ఆ విజయముతోనే సుంకము భారమైనది. సింగ్లెట్ కొన్ని నానోసెకనులలో వెలిగి ముగియును. ప్లాటినపు ట్రిప్లెట్ అంతకు వేలరెట్లు వేచియుండవలెను. తిరునాళ్ళలో వచ్చువారు ఎక్కువై పోవువారు తక్కువైనచో ఏమగును? ఒత్తిడి పెరుగును. విద్యుత్తు హెచ్చినకొద్దీ ట్రిప్లెట్‌లు ఇట్లే క్రిక్కిరియును. రెండు ఎదురుపడినచో ఒకటి తన శక్తిని రెండవదానికి ఇచ్చి తాను వెలుగకయే నశించును. రెండవదానికి దక్కిన అదనపు శక్తియు వేడిగా పోవును. జతకూడక మిగిలిన ఆవేశములు కూడ ఇట్లే వెలుగును హరించును.

పరిహారములు మూడు దారులలో వచ్చినవి. మొదటిది, వేచియుండు కాలమును తగ్గించుట. 1999లో వచ్చిన ఇరిడియపు సమ్మేళనము మైక్రోసెకను ప్రాంతములో వెలిగి ఒత్తిడిని తగ్గించినది. రెండవది, చోటు పెంచుట. ఆవేశములు సన్నని అంచు వద్దనే కలియక పొర అంతట కలియునట్లు పదార్థములను మిశ్రమము చేసినారు. మూడవది, భారమును పంచుట. జపానులో జుంజి కిడో బృందము దీపముపై దీపమును పేర్చు పద్ధతిని 2003లో వెల్లడించినది. వోల్టేజి దాదాపు రెట్టింపైనను అంతే వెలుగునకు విద్యుత్ప్రవాహము సగము చాలును. 2024లో వచ్చిన ఐప్యాడ్ ప్రో తెరలో ఇట్టి జంట పొరలే ఉన్నవి. 2012లో క్యూషూ విశ్వవిద్యాలయమున చిహయా అడాచి బృందము బరువైన లోహము లేకుండనే ట్రిప్లెట్‌లను సింగ్లెట్‌లుగా మరలించినది. ఆ మరలుటకు కూడ కాలము పట్టును గనుక పాత సుంకము అచ్చటను ఎదురైనది.

అన్నింటిలోను కష్టమైనది నీలివర్ణము. దాని ఉత్తేజిత స్థితులలో శక్తి అధికము. రెండు ఢీకొన్నపుడు పుట్టు శక్తి అణువు బంధములనే త్రెంచగలదు. అనగా నష్టపోవునది బ్యాటరీ మాత్రమే కాదు, తెర ఆయువు కూడ. 2014లో ఫారెస్ట్ బృందము నీలిపొరలో వెలుగునిచ్చు అణువుల పాలును క్రమముగా మార్చి, ఒత్తిడిని పొర అంతట పరచి, ఆయువును సుమారు పదిరెట్లు పెంచినది. దక్షతకై చేసిన కృషియే మన్నికకును మూలమైనది. ఎండలో కొంతసేపటికి ఫోను తనంతట తానే వెలుగు తగ్గించుకొనినచో అది చెడిపోయినదని తలపవలసిన పనిలేదు. వేడి నుండి బ్యాటరీని, తెరను కాపాడుకొనుటకు చేసిన ఏర్పాటది.