తెరచాప కొయ్య, సిలువ మ్రాను: ఆదిమ క్రైస్తవ రచనల్లో ఒడిస్సియస్ కథ

గ్రీకుల పురాణగాథలు క్రైస్తవ సత్యాన్ని వహించగలవా అన్న ప్రశ్నకు తొలి శతాబ్దాల సంఘం ఏకకంఠంతో సమాధానం చెప్పలేదు. సిద్ధాంతాల స్థాయిలో చూస్తే అంగీకారం, నిరాకరణ అనే రెండు పక్షాలే కనిపిస్తాయి. అలా కాక, ఒకే కథను ఎవరెవరు ఎలా చదివారో పరిశీలిస్తే విషయం మరింత లోతుగా అర్థమవుతుంది. హోమర్ ‘ఒడిస్సీ’ 12వ సర్గలోని సైరన్ల ఘట్టం ఇందుకు తగినది.

ఆ ఘట్టంలో ఒడిస్సియస్ నావికుల చెవులను మైనంతో మూయించి, తనను తెరచాప కొయ్యకు కట్టించుకొని, ప్రాణాంతకమైన ఆ గానాన్ని విని బయటపడతాడు. సైరన్లు అతనికి ఆశ చూపినది జ్ఞానాన్ని, శరీరసుఖాన్ని కాదు. భూమిమీద జరిగేదంతా తమకు తెలుసునని వారు పాడతారు. తరువాతి వ్యాఖ్యాతలు చాలామంది ఈ అంశాన్ని విస్మరించారు.

2వ శతాబ్దం మధ్యలో రోమ్ నగరంలో రచన సాగించిన జస్టిన్, తన ‘మొదటి సమర్థన’లో ఆశ్చర్యకరమైన వాదం చేశాడు. క్రీస్తు జననం, మరణం, ఆరోహణం గురించి క్రైస్తవులు చెప్పేది జ్యూస్ కుమారుల గాథలకంటే వింతైనదేమీ కాదన్నాడు. ఈ పోలికకు అతడిచ్చిన కారణం మాత్రం ఉదారమైనది కాదు. ప్రవక్తల మాటలు విన్న దయ్యాలు ముందుగానే నకిలీలు సృష్టించాయట. అయితే సిలువ మరణానికి మాత్రం గ్రీకు గాథలలో నకలు లేదని, ప్రవక్తలు దానిని సంకేతరూపంలో చెప్పినందున దయ్యాలు గ్రహించలేకపోయాయని వివరించాడు. అదే సందర్భంలో, తెరచాపను నిలిపే కొయ్య లేనిదే ఓడ సముద్రం దాటలేదంటూ అందులో సిలువ ఆకారాన్ని చూపాడు. ఏ ఓడ కొయ్యలోనైనా సిలువను చూడగలిగిన జస్టిన్, ఒడిస్సియస్ ఓడ జోలికి పోలేదు.

ఆ అడుగు వేసినవాడు అలెగ్జాండ్రియాకు చెందిన క్లెమెంట్. తన ‘ప్రొట్రెప్టికస్’ చివరి అధ్యాయంలో అతడు తాతముత్తాతల ఆచారాన్ని సైరన్ల గానంతో పోల్చాడు. మ్రానుకు కట్టుబడినవాడు నాశనం నుండి విడుదల పొందుతాడనీ, దేవుని వాక్యమే అతనికి చుక్కాని పట్టేవాడనీ బోధించాడు. అతడు వాడిన గ్రీకు పదం ‘క్సులోన్’ కొయ్యకూ చెల్లుతుంది, కొత్త నిబంధనలో సిలువకూ చెల్లుతుంది. తెలుగు బైబిలులోని ‘మ్రాను’ కూడా ఇలాంటి పదమే కనుక ఈ శ్లేష మనకు సులభంగా అందుతుంది.

అదే క్లెమెంట్ ‘స్ట్రొమాటైస్’ 6వ సంపుటంలో ఈ కథను తలక్రిందులు చేశాడు. అక్కడ చెవుల్లో మైనం పెట్టుకొన్నవారు గ్రీకు విద్యకు భయపడే క్రైస్తవులు. ఒకసారి వింటే తిరిగి రాలేమన్న భయంతో వారు అజ్ఞానంతో చెవులు మూసుకొంటారు. బోధకుడు మాత్రం ఉపయోగకరమైనదాన్ని ఏరుకోవాలి, విద్యను విడనాడరాదు అన్నది అతని అభిప్రాయం. అంటే ఒక గ్రంథంలో తప్పించుకోవలసిన గానం, మరొక గ్రంథంలో వినదగిన విద్య అయింది. సత్యం కథలోనే స్థిరంగా నిక్షిప్తమై ఉంటే ఒకే రచయిత చేతిలో ఇంత మార్పు సాధ్యం కాదు. వ్యాఖ్యాత తన విశ్వాసం నుండి అర్థాన్ని తెచ్చాడు. కథ దానికి రూపాన్నీ, జ్ఞాపకంలో నిలిచే బలాన్నీ ఇచ్చింది.

అయితే ఏ కథ అయినా ఈ పనికి వచ్చిందనుకోవడం పొరపాటు. క్లెమెంట్ దేవతల ప్రణయగాథలను, రహస్యపూజలను నిర్దాక్షిణ్యంగా ఎగతాళి చేశాడు. ఆర్ఫియస్‌ను మోసగాడన్నాడు. రోమ్ భూగర్భ శ్మశానాల చిత్రకారులు మాత్రం అదే ఆర్ఫియస్‌ను నిస్సంకోచంగా గోడలమీద చిత్రించారు. గ్రంథకర్తల అంగీకారం కోసం చిత్రకారులు వేచి ఉన్నట్లు లేదు! సైరన్ల విషయంలో మరొక సౌకర్యం కూడా ఉంది. పాత నిబంధన గ్రీకు అనువాదమైన సెప్టువాజింటు, యెషయా 13వ అధ్యాయంలో పాడుబడిన బబులోనులో సంచరించే జీవులకు ‘సైరన్లు’ అనే పేరే పెట్టింది. ఆ విధంగా హోమర్ పదం లేఖనంలో ముందే చోటు సంపాదించుకొంది.

5వ శతాబ్దం ఆరంభంలో ట్యూరిన్ బిషప్ మాక్సిముస్ తన ప్రసంగంలో ఈ పోలికను పూర్తిచేశాడు. ఓడ సంఘమైంది, కొయ్య సిలువైంది. కానీ అతడు ఒడిస్సియస్ వృత్తాంతాన్ని కల్పితగాథగానే పేర్కొని, క్రీస్తు మరణాన్ని జరిగిన సంఘటనగా దానికి ఎదురుగా నిలబెట్టాడు. ఈ భేదాన్ని వదిలేస్తే పోలిక సమీకరణంగా మారిపోతుంది. తులనాత్మక అధ్యయనాల్లో నేటికీ తరచుగా కనిపించే లోపమిదే.

ఈ వినియోగంలోని శక్తిని అందరికంటే బాగా గుర్తించినవాడు బహుశా క్రైస్తవానికి ప్రత్యర్థి అయిన జూలియన్ చక్రవర్తి. హోమర్ దేవతలను నమ్మనివారు హోమర్‌ను బోధించరాదంటూ 362లో క్రైస్తవ అధ్యాపకులను అడ్డుకొన్నాడు. నజియాంజస్‌కు చెందిన గ్రెగొరీ దీనిని తీవ్రంగా ఖండించాడు. గ్రీకు భాష, సాహిత్యం ఒక మతానికి సొంత ఆస్తి కాదన్నది అతని వాదం. మరుసటి ఏడాదే జూలియన్ మరణించాడు, ఆ నిషేధం నిలువలేదు. ఎనిమిది శతాబ్దాల తరువాత ‘ఇలియడ్’, ‘ఒడిస్సీ’లపై బృహద్వ్యాఖ్యానాలు రచించిన యుస్టాథియస్, థెస్సలొనీక ఆర్చిబిషప్.