బుడ్డలు అంటే తప్పా?

ఈ పొద్దు పంట ధర గురించి కాదు, పంట పేరు గురించి రాస్తున్నా.

మొన్న మా చిన్నోని హాస్టల్ కాడికి హైదరాబాద్ పోయినా. కిరాణా కొట్లో "అరకిలో బుడ్డలు ఇయ్యి" అన్నా. కొట్టాయన ఒకటే నవ్వు. మావోడు "పల్లీలు" అని చెప్పి తల దించుకున్నాడు. బయటికొచ్చినాక "నాన్నా, ఇక్కడ ఆ మాట అనొద్దు" అన్నాడు. ఆ బుడ్డలు అమ్మే వాని ఫీజు కట్టినా. మనసు చివుక్కుమంది.

మన రాజోలిలో బుడ్డలు. తుంగభద్ర దాటి కర్నూలు పోయినా బుడ్డలే. అనంతపురంలో శెనక్కాయలు. రాయచూరు దిక్కు శేంగా. బడి పుస్తకంలో వేరుశనగ. ఇందులో తప్పు మాట ఏది?

అసలు ఈ గింజ పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1492లో కొలంబస్ పోయినాక, స్పెయిన్ వాళ్లు కరీబియన్ దీవుల జనం నోట దీని పేరు 'మనీ' అని విన్నారు. డబ్బు కాదు, వాళ్ల మాటే అది. తర్వాత మెక్సికో పోతే అక్కడి నహువా జనం 'త్లాల్‌కకావత్ల్' అనేవాళ్లు. అంటే నేలలో కాసే కోకో గింజ. అందుకే ఇప్పటికీ అర్జెంటీనాలో మనీ, మెక్సికోలో కకవాతె, స్పెయిన్‌లో కకవేతె అంటారు. భాష ఒకటే, స్పానిష్. పేర్లు మాత్రం మూడు.

మెక్సికో రైతు తనకు తెలిసిన కోకోకు 'నేల' చేర్చినాడు. మనోళ్లు తెలిసిన శనగకు 'వేరు' చేర్చినారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు, ఆలోచన మాత్రం ఒకటే.

మిరప సంగతీ అంతే. 1498లో వాస్కోడగామా కాలికట్‌లో దిగినాక, పోర్చుగీసు వాళ్ల ద్వారా అది మన దేశానికొచ్చింది. అంతకుముందు మన కూరలో కారం మిరియాలదే. ఆ మిరియం మీదనే మిరప అని పేరు పడింది. స్పెయిన్ వాళ్లు కూడా మిరియాన్ని 'పిమియెంత' అంటారు, మిరపను 'పిమియెంతో' అన్నారు.

కొత్త గింజ చేతికొస్తే రైతు తనకు తెలిసిన దానితో పోల్చి పేరు పెట్టుకుంటాడు. ఏ ఊరి పేరు ఆ ఊరి రైతు పెట్టిందే. పల్లీలు అనేటోళ్లు అననీ, అది వాళ్ల మాట. మన మాటకు మన పిల్లలు సిగ్గుపడితే మాత్రం తప్పు మనదే, మనం చెప్పలేదు కాబట్టి.

దసరాకు మావోడు వస్తాడు. పచ్చి బుడ్డలు ఉడకబెట్టి ముందర పెట్టి, ఈ కథంతా చెప్తా.