కర్వుడ్ తుపాకీ దించాక

కెనడా ఉత్తరాది మంచు అడవుల సాహసగాథలనగానే ఇప్పటి పాఠకులకు తట్టే పేరు జాక్ లండన్. నూరేళ్ల కిందట ఆ కోవలోనే లక్షల మందిని చదివించిన జేమ్స్ ఆలివర్ కర్వుడ్‌ను లోకం దాదాపు మరిచిపోయింది. అది తీరని అన్యాయం.

ఈ కథలకు దారి వేసినవాళ్లలో గిల్బర్ట్ పార్కర్ ఒకడు. ఆయన 'పియర్ అండ్ హిజ్ పీపుల్' 1892లో వచ్చింది. 1896లో వాయవ్య కెనడాలోని క్లాండైక్‌లో బంగారం బయటపడడంతో జనం ఎగబడ్డారు. అలా వెళ్లిన లండన్ 1903లో 'ద కాల్ ఆఫ్ ద వైల్డ్' వెలువరించాడు. నేరస్థుణ్ణి వెంటాడే మౌంటెడ్ పోలీసు, ఉచ్చులు పన్నే వేటగాడు, స్లెడ్జి బండి లాగే కుక్క ఈ కథల్లో స్థిరపడిపోయాయి.

కర్వుడ్ 1878లో మిషిగన్ రాష్ట్రంలోని ఒవాసోలో పుట్టాడు. డెట్రాయిట్‌లో పత్రికా ఉద్యోగం చేసి, 1907లో దాన్ని వదిలేసి రచననే నమ్ముకున్నాడు. మరుసటి ఏడాదే తొలి నవల. కెనడా ప్రభుత్వం కూడా తమ ఉత్తర ప్రాంతాల గురించి రాయమని ఆయనను తిప్పింది. 1914 నాటి 'కజాన్'లో కథానాయకుడు తోడేలు నెత్తురు కలిసిన కుక్క. దాని జోడు ఆడతోడేలు. లింక్స్ అనే అడవిపిల్లి పంజా దెబ్బకు ఆ ఆడతోడేలుకు చూపు పోతుంది. ఆ గుడ్డి తోడును కజాన్ వెంటబెట్టుకు తిరిగే ఘట్టాలు ఆయన రచనలన్నిటిలోకీ గొప్పవి.

అసలు మలుపు 1916 నాటి 'ద గ్రిజ్లీ కింగ్'. కర్వుడ్ స్వయంగా ఎలుగుబంట్లను చంపిన వేటగాడు. ముందుమాటలో ఆ సంగతి దాచకుండా ఒప్పుకున్నాడు. నవలలో థోర్ అనే గాయపడిన ఎలుగు, చేతిలో ఆయుధం లేని వేటగాడికి ఎదురుపడి కూడా చంపకుండా వెళ్లిపోతుంది. తర్వాత తుపాకీ గురిలోకి వచ్చినా ఆ వేటగాడు దాన్ని కాల్చడు. అంతవరకూ వేటగాడి ధైర్యానికి కొలతగా ఉన్న మృగం, ఇక్కడ సొంత బాధ, సొంత దారి ఉన్న ప్రాణి అయింది.

లోపాలు లేకపోలేదు. కథను గట్టెక్కించే యాదృచ్ఛిక ఘటనలు ఎక్కువ. ఆదివాసుల పాత్రలు చాలాచోట్ల పైపైనే ఉంటాయి. అయినా అమ్మకాలు ఆగలేదు, సినిమాలూ వచ్చాయి. ఆయన కథ ఆధారంగా 1919లో నెల్ షిప్‌మన్ నటించిన 'బ్యాక్ టు గాడ్స్ కంట్రీ' చిత్రానికి ఆల్బర్టాలోని లెస్సర్ స్లేవ్ సరస్సు దగ్గర గడ్డకట్టే చలిలో షూటింగ్ జరిపారు. ఈ రాబడితో కర్వుడ్ ఒవాసోలో, షియావాసీ నది ఒడ్డున కోటలాంటి రచనాగృహం కట్టుకున్నాడు.

1927లో మిషిగన్ ప్రకృతి సంరక్షణ కమిషన్‌లో సభ్యుడయ్యాడు. ఆ ఆగస్టులోనే, 49 ఏళ్లకు కన్నుమూశాడు. 1988లో జాన్ జాక్ అనో 'ద గ్రిజ్లీ కింగ్'ను 'ద బేర్'గా తెరకెక్కించాడు. అందులో మనుషుల మాటలు బహు తక్కువ. ప్రేక్షకుడు ఎలుగు వెంటే నడుస్తాడు.