కాయ పండయ్యే ఇల్లు

పట్నం పిల్లలకు పంట గురించి తెలియదని, అపార్ట్‌మెంట్లు వచ్చాకే ఈ అజ్ఞానం మొదలైందని తరచూ వింటాం. తాతల కాలంలో ఇంటి వెనకే పొలం ఉండేదని, అందుకే వాళ్లకు అన్నీ తెలుసని ఆ మాటల వెనకున్న నమ్మకం. హైదరాబాద్‌లోని ఆబిడ్స్, నాంపల్లి చరిత్ర ఈ నమ్మకాన్ని నిలబడనివ్వదు. జాంబాగ్, బషీర్‌బాగ్ అంటూ చుట్టుపక్కల పేర్లలో తోటలు మిగిలాయి కానీ, 1907లో నాంపల్లి స్టేషన్ వచ్చిన తర్వాత ఇక్కడ పెరిగిన తరాలలో ఎక్కువమంది నాగలి పట్టినవాళ్లు కారు. గుమాస్తాలు, దుకాణదారులు, వకీళ్లు, రైల్వే ఉద్యోగులు. వాళ్ల పిల్లలు పొలం చూసింది సెలవుల్లోనే. అయినా ఏది పిందె, ఏది దోరకాయ, ఏది కోశాక పండుతుంది, ఏది పండదు అన్నది వాళ్లకు తెలుసు. ఈ తెలివి పొలం నుంచి రాలేదు. బజారుకూ వంటింటికీ మధ్య జరిగిన పని నుంచి వచ్చింది. ఇప్పుడు మనం పోగొట్టుకున్నది ఆ పనినే అని నా వాదన.

1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌ను ముందు చూడాలి. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టిన ఈ నల్లరాతి కట్టడం, గడియార స్తంభంతో సహా, దశాబ్దాలపాటు నగరానికి పండ్ల మార్కెట్. అక్కడ కొన్న మామిడి చాలావరకు కాయగానే ఇల్లు చేరేది. దాన్ని పండు చేయడం ఇంటివాళ్ల పని. తెలంగాణలో మక్కబెట్టడం అంటారు, మరోచోట మాగబెట్టడం అంటారు. గడ్డి పరచి, తొడిమలు విరగకుండా కాయలు పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పి, రోజూ ఒకసారి తీసి చూసి, మెత్తబడినవాటిని ఏరేవాళ్లు. బియ్యం డబ్బాలో పెట్టినా జరిగేది అదే. కాయ నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు చెదిరిపోకుండా ఆ మూతలో నిలుస్తుంది, పక్క కాయలను కూడా పండిస్తుంది. ఈ వాయువు పేరు ఆ ఇళ్లలో ఎవరికీ తెలియకపోవచ్చు. కానీ ఒక పండు ఉంటే మిగతావి త్వరగా పండుతాయన్నది రోజూ గడ్డి ఎత్తి చూసిన పిల్లలకు కళ్లెదుటి నిజం. సీతాఫలం కండ్ల మధ్య గీతలు తెల్లబడి విచ్చుకుంటే కాయ పక్వానికి వచ్చినట్టు. అంతకుముందే కోస్తే నల్లబడుతుంది కానీ సరిగా పండదు. బత్తాయి, ద్రాక్షలను ఎన్నాళ్లు గడ్డిలో దాచినా తీపి పెరగదు. అవి చెట్టు మీదే, తీగ మీదే పండాలి. వృక్షశాస్త్రం పండ్లను రెండు రకాలుగా విడదీసే గీత ఇదే. ఆ గీత వంటింటికి ముందే తెలుసు.

పచ్చళ్ల కాలం ఇంకో పాఠం. ఉగాది నాటి మామిడికాయకు టెంక లేతగా ఉంటుంది, కత్తి సులువుగా దిగుతుంది. ఆవకాయకు ఆ కాయ పనికిరాదు. ముక్కకు టెంక అంటుకుని ఉండాలి కాబట్టి, టెంక ముదిరేదాకా ఆగి ఎండాకాలం మధ్యలో కొడతారు. లోపలి జీడి తీసేసే పని చాలా ఇళ్లలో పిల్లలదే. ఒకే కాయను రెండు నెలల తేడాతో రెండుసార్లు కోసి చూసిన పిల్లకు, పండు అంటే గింజను కాపాడే ఏర్పాటు అని ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు. మన భాష కూడా ఈ పాఠాన్నే మోస్తోంది. పూత, పిందె, కాయ, దోర, పండు. ఒకే వస్తువు వయసుకు ఇన్ని పేర్లు పెట్టుకున్నాం. టమాటా పండు, టమాటా కాయ అనే మాటల్లో తేడా వినని పిల్లవాడికి, ఆ వస్తువు ఒకప్పుడు మరోలా ఉండేదన్న ఊహే కలగదు.

ఇదంతా కోత తర్వాతి సంగతి, మొలక మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. మార్కెట్ వేరును చూపించదు, నిజమే. దానికి ఇంట్లో వేరే ఏర్పాటు ఉండేది. పెళ్లిలో అంకురార్పణకు పాలికల్లో మట్టి పోసి నవధాన్యాలు చల్లి, నీళ్లు పెట్టి మొలకలు చూస్తారు. తెలంగాణ లంబాడీల తీజ్ పండుగలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారు. ఇది క్రతువే కానీ చదువు కాదని అంటే ఒప్పుకోను. ఏ గింజ ముందు లేచింది, ఏది లేవలేదు అని రోజూ వంగి చూడటమే పరిశీలన. విత్తనం నాణ్యత తేల్చడానికి రైతు చేసే మొలక పరీక్షకూ దీనికీ తేడా లెక్క రాసుకోవడంలోనే ఉంది.

ఈ చదువుకు బయట గుర్తింపు కూడా వచ్చింది. విద్యావేత్త ఫ్రోబెల్ 1840లో తన బడికి పెట్టిన కిండర్‌గార్టెన్ అనే పేరుకు పిల్లల తోట అనే అర్థం. అక్కడ పిల్లలకు సాగు చేసుకోవడానికి చిన్న మడులుండేవి. 1937లో గాంధీజీ వార్ధాలో పెట్టిన విద్యా సభ తర్వాత, పాఠ్యప్రణాళిక రాసిన సంఘానికి అధ్యక్షుడు హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్. బడిలో నేర్పదగిన చేతిపనుల్లో పండ్లు, కూరగాయల తోటపనిని ఆ సంఘం చేర్చింది. అలాంటి చదువుకు తగిన చోటు మన దగ్గరా ఉంది. బాగే ఆం అని పిలిచిన నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోనే ఉద్యానశాఖ డైరెక్టరేట్, బాలభవన్ రెండూ ఉన్నాయి. నగరంలో పిల్లలూ మొక్కలూ ఒకే ప్రహరీలో ఉన్న చోటు ఇది. దాన్ని మనం వాడుకోవలసినంత వాడుకోలేదు.

1980ల్లో పండ్ల టోకు వ్యాపారం గడ్డిఅన్నారానికి, 2021లో నగరం అంచున ఉన్న బాటసింగారానికి తరలింది. 2020లో మరమ్మతులు పూర్తిచేసుకున్న మొజంజాహీ మార్కెట్‌కు ఇప్పుడు జనం ఎక్కువగా ఐస్‌క్రీం కోసం వస్తారు. సీతాఫలం అక్కడ కప్పులో దొరుకుతుంది, గింజ లేకుండా. మార్కెట్ తరలడం తప్పు కాదు. లారీలు ఆ ఇరుకు రోడ్లలో తిరగలేవు. నష్టం మరోచోట జరిగింది. మక్కబెట్టే పని ఇంటి నుంచి ఇథిలీన్ గదులకు పోయింది. నిషేధించిన కార్బైడ్ కంటే ఆ గదులు ఎంతో మేలు, కానీ ఇంటికి వచ్చేది తయారైన పండే. మధ్య దశ పిల్లల కంట పడదు.

బడి ఉందిగా అంటారు. బడిలో చిక్కుడు గింజ మొలక బొమ్మ గీయిస్తారు, మార్కులు వేస్తారు. కానీ మామిడి పూత నుంచి పండుదాకా సాగే కాలం పరీక్షల మధ్యలో, సెలవుల్లో పడుతుంది. ఆ పొడవైన ఎదురుచూపుకు చోటు ఇల్లే. మిద్దె లేదు, స్థలం లేదు అనే మాటకూ జవాబుంది. ఉద్యానశాఖ రాయితీపై ఇచ్చిన మిద్దెతోట కిట్లు మంచివే, మిద్దె ఉన్నవాళ్లకు. లేనివాళ్లకు కిటికీ గట్టు చాలు. పోపుల డబ్బాలోని ధనియాన్ని మెల్లగా నలిపితే రెండు గింజలుగా విడిపోతుంది. పిల్లల చేతే నలిపించి, మట్టిలో చల్లి, ఆకు వచ్చేదాకా ఆగండి. రెండు మొక్కలైనా కోయకుండా పూతకు వదిలేయండి. తెల్లటి పూలు రాలి, పచ్చి ధనియాలు కట్టి, ఎండి, మళ్లీ అదే డబ్బాలోకి చేరేసరికి మూడు నాలుగు నెలలు పడుతుంది. వచ్చే ఎండాకాలంలో నాలుగు పచ్చి మామిడికాయలు కూడా కొని, బియ్యంలో దాచి, రోజూ తీసి చూసే పని పిల్లలకు అప్పజెప్పండి.