మెషిన్ పెట్టుకున్నా ఆగే ఊపిరి

సీపాప్ మెషిన్ పెట్టుకుని పడుకునేవాళ్ళకి పొద్దున్నే ఒక అలవాటు ఉంటుంది. కాఫీ కంటే ముందు మెషిన్ స్క్రీనో, ఫోన్లో యాపో చూసుకోవడం. రాత్రి ఏహెచ్ఐ ఎంత? అంటే గంటకి సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్నమాట. 2.1 వస్తే సంతోషం, 7.8 వస్తే ఆ రోజంతా దిగులు. మన ఐటీ వాళ్ళకి డాష్‌బోర్డు కనిపిస్తే దాన్ని ఆకుపచ్చ చేసేదాకా నిద్రపట్టదు కదా (ఇక్కడ అసలు సమస్యే నిద్ర :)). వైద్యం మొదలయ్యాక కూడా ఆ మిగిలినవి ఎందుకు మిగిలాయో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1956లో కొందరు అమెరికన్ డాక్టర్లు, డికెన్స్ నవలలో ఎప్పుడు చూసినా కునుకుతుండే లావుపాటి కుర్రాడిని గుర్తుచేసుకుని, ఒక జబ్బుకి "పిక్‌విక్కియన్ సిండ్రోమ్" అని పేరు పెట్టారు. పగటి మత్తుకి కారణం ఒంట్లో పేరుకున్న కార్బన్ డయాక్సైడే అని అప్పటి ఊహ. రాత్రిపూట ఏం జరుగుతోందో చూసింది 1965లో. ఫ్రాన్సులో గాస్టో బృందం, జర్మనీలో యుంగ్, కూలో, ఎవరికివారు అలాంటి రోగుల నిద్రని రికార్డు చేస్తే, ఊపిరి మాటిమాటికీ ఆగుతోందని బయటపడింది. అప్పట్లో వైద్యం ఏంటయ్యా అంటే గొంతుకి కన్నం పెట్టడం, ట్రెకియాస్టమీ. పనిచేసేది, కానీ ఎవరు ఒప్పుకుంటారు?

అంకెల గొడవ మొదలైంది 1970లలో, స్టాన్‌ఫర్డ్‌లో. గిల్మినో బృందం పది సెకన్లు ఊపిరి ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కపెట్టింది. ఏడు గంటల నిద్రలో అలాంటివి 30 దాటితే జబ్బు అంది. ఆ పది ప్రకృతి గీసిన గీత కాదు, మనుషులు కూర్చుని ఒప్పుకున్న గీత. 5, 15, 30 అని ఇప్పుడు మనం చెప్పుకునే తక్కువ, మధ్యస్థం, తీవ్రం గీతలు కూడా 1999లో అమెరికా నిద్రవైద్యుల కమిటీ స్థిరపరిచినవే. 4.9 వస్తే ఆరోగ్యం, 5.1 వస్తే రోగం అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక సీపాప్. 1980లో సిడ్నీలో కాలిన్ సలివన్, వాక్యూమ్ క్లీనర్ మోటారు లాంటి బ్లోయర్‌తో ముక్కులోంచి గాలి పంపి చూశాడు. గాలి కొట్టిన ట్యూబు ముడుచుకోదు కదా, అదే సూత్రం. మెత్తటి గొంతుగోడలు కూలిపోకుండా గాలే గుంజలా నిలబెడుతుంది. 1981లో లాన్సెట్‌లో అచ్చయిన ఆ వ్యాసంలో రోగులు ఐదుగురే. 4.5 నుంచి 10 సెంటీమీటర్ల నీటి పీడనంతో అందరికీ గొంతు మూసుకుపోవడం పూర్తిగా ఆగింది. ఆ "పూర్తిగా" అన్న మాటే మన బుర్రల్లో ఉండిపోయిందని నా అనుమానం. గొంతు మూసుకోకపోతే సమస్య తీరినట్టే అనుకున్నాం. కానీ ఊపిరి ఆగడానికి గొంతొక్కటే కారణం కాదు.

రెండోది మెదడు. గొంతు తెరిచే ఉంటుంది, పీల్చు అనే ఆర్డరే రాదు. దీన్ని సెంట్రల్ ఆప్నియా అంటారు. ఊపిరి పెరిగి, తగ్గి, ఆగి, మళ్ళీ మొదలయ్యే తీరుని డబ్లిన్‌లో చెయ్న్ 1818లోనే రాశాడు, 1854లో స్టోక్స్ మళ్ళీ రాశాడు, అందుకే చెయ్న్-స్టోక్స్ అని పేరు. 1982లో మైకేల్ ఖూ, ఆయన సహచరులు కలిసి దీన్ని అచ్చంగా కంట్రోల్ సిస్టమ్ లెక్కలా మోడల్ చేశారు. మనకి తేలిగ్గా అర్థమయ్యే విషయమిది. లోడ్ చూసి సర్వర్లు పెంచే స్క్రిప్టు ఉందనుకోండి. కొలత ఆలస్యంగా వచ్చి, స్క్రిప్టు మరీ దూకుడుగా ఉంటే ఏమవుతుంది? ఇరవై సర్వర్లు పెంచుతుంది, తర్వాత అన్నీ పీకేస్తుంది, మళ్ళీ పెంచుతుంది. ఊపిరిలో కొలత అంటే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్. ఊపిరితిత్తుల నుంచి మెదడు దాకా రక్తం చేరే సమయమే ఆలస్యం. గుండె బలహీనమైతే ఆ ఆలస్యం పెరుగుతుంది. నిద్రలో కార్బన్ డయాక్సైడ్ ఒక హద్దు కిందికి పడితే మెదడు కొంతసేపు ఊపిరి ఆర్డరు ఇవ్వడం మానేస్తుంది.

ఇప్పుడు సీపాప్ పెట్టామనుకోండి. మూసుకున్న దారి తెరుచుకుంది, గాలి బాగా ఆడింది, కార్బన్ డయాక్సైడ్ హద్దు దాటి కిందికి జారింది. కొందరిలో కొత్తగా సెంట్రల్ ఆప్నియాలు మొదలవుతాయి. 2006లో మేయో క్లినిక్ వాళ్ళు తమ దగ్గరికొచ్చిన రోగుల్లో 15 శాతం మందిలో ఈ తీరు చూశామని రాసి, "కాంప్లెక్స్ స్లీప్ ఆప్నియా" అన్నారు. ఇది జబ్బేనా, తాత్కాలికమా అని పెద్ద వాదమే నడిచింది. చాలామందికి సీపాప్ వాడుతూ ఉంటే కొన్ని వారాల్లో, నెలల్లో అదే తగ్గుతుందని తేలింది. అందుకే అంకె ఎక్కువొచ్చిందని సొంతంగా సెట్టింగుల్లోకి వెళ్ళి ప్రెషర్ పెంచేవాళ్ళని చూస్తే నాకు భయం. గొంతు సమస్యకి అది మందు కావచ్చు. సెంట్రల్ ఆప్నియాకి పెంచిన ప్రెషరే ఆజ్యం పోయవచ్చు.

అంకె తగ్గడం వేరు, మనిషి బాగుపడడం వేరు అని అందరికంటే గట్టిగా చెప్పింది 2015లో వచ్చిన సర్వ్-హెచ్ఎఫ్ అధ్యయనం. ఊపిరి ఆగబోతే పసిగట్టి తనే ఊదే ఏఎస్‌వీ అనే తెలివైన మెషిన్ ఉంది. గుండె పంపింగ్ తగ్గి, ఎక్కువగా సెంట్రల్ ఆప్నియా ఉన్న 1325 మందిని తీసుకుని, సగం మందికి అది ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళ ఏహెచ్ఐ సగటు 6.6కి దిగింది. చూడ్డానికి ఎంత బాగుందో. కానీ గుండె కారణంగా చనిపోయినవాళ్ళు మెషిన్ వాడని గుంపులో 24 శాతమైతే, వాడిన గుంపులో 29.9 శాతం! ఎందుకలా జరిగిందన్నది తేలలేదు. తర్వాత వేరే ఏఎస్‌వీ మెషిన్‌తో చేసిన అడ్వెంట్-హెచ్ఎఫ్‌లో ఆ నష్టం కనిపించలేదు, చెప్పుకోదగ్గ లాభమూ కనిపించలేదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు అంకె చూసి మెషిన్ మార్చుకునే విషయం కాదిది.

పైగా ఆ అంకె అసలు ఏం కొలుస్తోంది? ల్యాబులో అయితే తలకి తీగలు అంటించి మెదడు తరంగాలు చూస్తారు, నిజంగా నిద్రపోయిన గంటలతో భాగిస్తారు. ఇంట్లో మెషిన్‌కి తెలిసింది మాస్కులోంచి వచ్చే గాలి ఒక్కటే. మీరు మెలకువగా ఉన్నారో లేదో దానికి తెలీదు. తెల్లవారుజామున మూడింటికి రిలీజ్ గురించి ఆలోచిస్తూ పక్కకి దొర్లి ఊపిరి బిగపడితే అదీ లెక్కలో పడొచ్చు. భాగించేది నిద్ర గంటలతో కాదు, మెషిన్ నడిచిన గంటలతో. ఊపిరి ఆగినప్పుడు కొన్ని మెషిన్లు చిన్న చిన్న గాలి తట్లు పంపి, గొంతు తెరిచుందా మూసుందా అని చూస్తాయి. ఒకరకంగా పింగ్ కొట్టడమే. మాస్కు పక్కనుంచి గాలి కారితే ఆ పింగ్ కూడా తప్పుతుంది. ఒక్కో కంపెనీ అల్గారిదం ఒక్కోలా లెక్కపెడుతుంది కాబట్టి దీన్ని ల్యాబు ఏహెచ్ఐతో కలపొద్దని, వేరే పేరుతో పిలవాలని 2013లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ చెప్పింది. యాపుల్లో మాత్రం ఇప్పటికీ ఏహెచ్ఐ అనే కనిపిస్తుంది.

ఎస్‌డీ కార్డు తీసి స్లీపీహెడ్‌లో, 2019 నుంచి దాని వారసుడు ఆస్కార్‌లో గ్రాఫులు చూసుకునే జనం చాలామందే ఉన్నారు. రెండూ ఓపెన్ సోర్సే. చూసేవాళ్ళు మొత్తం అంకె కాకుండా అందులో అబ్‌స్ట్రక్టివ్ ఎన్ని, క్లియర్ ఎయిర్‌వే ఎన్ని, అవి వచ్చిన నిమిషంలో లీకు ఎంత అని చూడండి. ఒక్క రాత్రి కాదు, రెండు మూడు వారాలు. క్లియర్ ఎయిర్‌వేలు వారాల తరబడి తగ్గకుండా ఉంటే ఆ గ్రాఫులు పట్టుకుని నిద్ర డాక్టరు దగ్గరికి వెళ్ళండి. గుండెజబ్బు ఉన్నా, మత్తు కలిగించే నొప్పి మాత్రలు వాడుతున్నా ఆ మాట ముందే చెప్పండి. సెంట్రల్ ఆప్నియాకి అవి రెండూ తెలిసిన కారణాలే, వాటి సంగతి మెషిన్‌కి తెలిసే దారి లేదు.