చవక కత్తెర పుట్టుక

మంచి కత్తెరనొకదానిని మూసి, వెలుతురున కెదురుగా పట్టి చూడుడు. రెండు అలుగుల నడుమ సన్నని సందు కనిపించును. అది లోపము కాదు. ఒక్కొక్క అలుగు కొంచెము వంపు తిరిగియుండుటచే, మూయునపుడు మొదటినుండి కొనవఱకు అవి ఒక్కొక్క బిందువుననే ఒరసికొనుచు పోవును. గుడ్డ తెగునది ఆ బిందువుననే. ఈ వంపును పనివాడు చిన్న సుత్తితో తట్టుచు, కంటితో చూచుచు కుదుర్చవలెను. ఆ పని మానివేసినచో గుడ్డ తెగక అలుగుల నడుమ మడతపడును.

ఇంగ్లండులోని షెఫీల్డు ఇట్టి పనికి పేరుపొందిన పట్టణము. అచ్చట ఉక్కును సాగగొట్టువాడొకడు, సానపట్టువాడొకడు, అలుగులను కూర్చువాడింకొకడు. కత్తెర వెలలో పెద్ద భాగము ఉక్కుది కాదు, వీరి కూలిది. (ఆ కూలి కూడ పూర్తి మూల్యము కాదు, పొడిసాన పట్టువారిలో అనేకులు రాతిదుమ్ము పీల్చి నడివయసు రాకమునుపే మరణించిరి.)

19వ శతాబ్దమున జర్మనీలోని సోలింగెన్‌లో కూలి ఇంతకంటె తక్కువ. అయినను వర్తకులు ఇంకను తక్కువ ధర కోరిరి. అప్పుడు తగ్గింపవలసినది పనినే. పోత ఇనుమును అచ్చులో పోసినచో సమ్మెటపని లేదు. కాని దానిలో కర్బనము నూటికి రెండుపాళ్లకు మించియుండును గనుక అది పెళుసు; పదును నిలువదు. మెరుగుపెట్టినచో అంగడిలో రెండును ఒక్కతీరుననే మెరయును. కొన్నిటిపై షెఫీల్డు పేరును కూడ ముద్రించిరి!

1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనమును చూచిన బెర్లిను ఆచార్యుడు ఫ్రాంజ్ రూలో, తన దేశపు సరకు చవకయే గాక నాసియని నిర్మొగమాటముగా వ్రాసెను. 1887లో బ్రిటిష్ పార్లమెంటు, బ్రిటిష్ సరకని భ్రమ కలిగించు గుర్తులున్న విదేశపు వస్తువులపై పుట్టిన దేశము పేరు వేయవలెనని శాసించెను. జర్మన్ సరకును కొనువారు దూరముగా నుంతురని తలంపు.

అట్లు జరుగలేదు. సోలింగెన్‌లో 1886లో వెలసిన హెండ్రిక్స్ కర్మాగారమువంటివి, ఎఱ్ఱగా కాలిన ఉక్కును అచ్చుల నడుమ పెట్టి, పైనుండి బరువైన సమ్మెట పడునట్లు చేసి అలుగులను తీర్చసాగెను. మొరటుపని యంత్రమునకు పోయినది. సాన, కూర్పు మాత్రము నేర్పరుల చేతనే యుండెను. ఊరు అదే, మనుషులు వారే. షెఫీల్డువారు యంత్రములను తెచ్చుకొనుటలో ఆలసించిరి. 1896లో ఇ. ఇ. విలియమ్స్ అను ఆంగ్లేయుడు, జర్మన్ వస్తువులు ఇంగ్లండు ఇండ్లన్నిటను నిండినవని వాపోవుచు ఒక గ్రంథమే వ్రాసెను.

1938లో జర్మనీలో ఇంకొక శాసనము వచ్చినది. సోలింగెన్ ప్రాంతమున, తగిన లోహముతో, తగిన పనితనముతో చేసిన వానిపై తప్ప ఆ ఊరి పేరు ముద్రింపరాదని దాని నిబంధన.