ఎదిగే పిల్లకు కుట్టిన పావడ

మార్చి, ఏప్రిల్ నెలల్లో పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర. మే వచ్చేసరికి కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర. పెళ్లిళ్లు, బడుల సెలవులు కూడా ఆ రోజుల్లోనే. అందుకే మదనపల్లె, పుంగనూరు, కుప్పం టైలర్లకు ఉగాది మొదలు చేతినిండా పని. ఆ పనిలో చాలాకాలం పెద్ద వాటా ఆడపిల్లల పావడలది. బజారులో గుడ్డ కొని, పిల్లను వెంటబెట్టుకుని కొట్టు మెట్టెక్కిన తల్లి రంగు మాట, మోడల్ మాట తర్వాత ఎత్తేది. ముందు చెప్పేది ఒకటే: "ఎదిగే పిల్ల గదనా, రెండేండ్లన్నా రావాల. లోపల గుడ్డ బాగా వదులు."

ఈ ప్రాంతంలో పావడ కుట్టు చరిత్ర చాలావరకు ఆ వదిలిన గుడ్డ చరిత్రే.

కుట్టిన బట్ట ఇక్కడికి దొరలతోపాటు వచ్చిందనుకునేవాళ్లున్నారు. మదనపల్లెకు పడమటగా ఉన్న లేపాక్షికి వెళ్లి తల పైకెత్తి చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది. 16వ శతాబ్దంలో విజయనగర అధికారి విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయం కప్పు మీద, పొడవాటి టోపీలు పెట్టుకుని కుట్టిన అంగీలు తొడుక్కున్న మగవాళ్లు బారులు తీరి ఉంటారు. ఆడవాళ్లు మాత్రం రకరకాల అంచుల చీరల్లో కనిపిస్తారు. మగ్గం మీంచి దిగిన గుడ్డను దిగినట్టే చుట్టుకునే అలవాటు ఆడవాళ్ల విషయంలో ఎక్కువ కాలం నిలిచింది. సూదిపని కొన్ని కులాల చేతిలో ఉండేది. తెలుగునాట మేరలు ఉండేవారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణాది కులాల గ్రంథం, మరాఠా దేశం నుంచి వచ్చి తెలుగు జిల్లాల్లో అద్దకం, కుట్టుపని చేసుకునే రంగారీల గురించి చెబుతుంది.

పట్టు పావడ తీరును నిర్ణయించింది మగ్గమే. మదనపల్లెను ఆనుకుని ఉన్న నీరుగట్టువారిపల్లె పట్టు నేతకు పేరుపడిన చోటు. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున్న ఊరు కాబట్టి ఎండలు తిరుపతి అంత మండవు. మల్బరీ తోటలు పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపంతా పరుచుకుని ఉన్నాయి. అలాంటి చోట నేసిన పట్టు గుడ్డకు ఒక పక్కన జరీ అంచు నిలువునా సాగుతుంది. ఆ అంచు పావడ కింద చుట్టూ తిరగాలి. అంటే గుడ్డను వంకరగా కత్తిరించే వీలే లేదు. తిన్నగా వాడుకోవాలి, మిగిలిందాన్ని మడతల్లో దాచుకోవాలి.

ఇందులోని లెక్క తేలికైనదే గానీ చాలా చక్కనిది. పైకి అంగుళం వెడల్పు కనబడే కుచ్చు లోపల మరో రెండంగుళాలు మింగుతుంది. నడుము 24 అంగుళాల పిల్లకు 24 కుచ్చులు పెడితే 72 అంగుళాలు, అంటే సరిగ్గా రెండు గజాల గుడ్డ పడుతుంది. పిల్ల ఒళ్లు చేస్తే కుచ్చులు విప్పి, లోపలి మడత కాస్త తగ్గించి మళ్లీ పెడితే చాలు, కొత్త గుడ్డ అక్కర్లేదు. పొడవు సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. గుడ్డ పన్నా 45 అంగుళాలు దాటి ఉంటుంది, పదేళ్ల పిల్లకు కావలసింది ముప్పై పైన కొంచెం. మిగిలినదాన్ని కోసి పారేయకుండా అంచుకు కాస్త పైన అడ్డంగా మడిచి కుట్టి టక్కులు వేస్తారు. అర అంగుళం టక్కు ఒకటి విప్పితే అంగుళం పొడవు దిగుతుంది. ఐదేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలు ఏడాదికి రెండంగుళాల వరకు పెరుగుతారు. మూడు టక్కులుంటే ఏడాదిన్నర నిశ్చింత. ఇంకా చిన్నపిల్లలకు నడుము దగ్గర పావడ నిలవదు, జారిపోతుంది. వాళ్లకు పైన చేతుల్లేని బాడీ తగిలించి బరువంతా భుజాల మీదికి ఎక్కిస్తారు. టక్కు విప్పినచోట రంగు కాస్త ముదురుగా గీతలా మిగిలిపోయేది. నిరుటి పావడే ఇది అని ఊరందరికీ తెలిసేది, ఎవరూ చిన్నతనంగా భావించేవారు కాదు. పొదుపు అనే మాట దీనికి చాలదు. పిల్ల పెరుగుతుందన్న నమ్మకాన్ని గుడ్డలో ముందే కుట్టి పెట్టడం అది.

1863లో రెండు సంగతులు జరిగాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు స్టెర్లింగ్ అనే ఊళ్లో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ, వేర్వేరు సైజుల్లో కత్తిరించిన కాగితపు ప్యాటర్న్‌లను అమ్మడం మొదలుపెట్టాడు. కాగితాన్ని గుడ్డ మీద పరిచి చుట్టూ కత్తిరిస్తే ఎవరింట్లో వాళ్లే బట్టలు కుట్టుకోవచ్చు. అదే ఏడు ఆ దేశం నుంచే వచ్చిన ఆర్కాట్ మిషన్ పాదిరీ జేకబ్ ఛాంబర్లిన్ మదనపల్లెలో మకాం పెట్టాడు. మిషన్ వెంట వైద్యం, ఆడపిల్లల చదువు వచ్చాయి. ఆ కాలపు ఆడపిల్లల బడిలో అక్షరాలతోపాటు సూదిదారం కూడా పాఠమే. 1915లో అనీబెసెంట్ పేరున దివ్యజ్ఞాన సమాజం కాలేజీ ఇక్కడ వెలిసింది. 1919లో రవీంద్రుడు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన చోటుగా ఆ కాలేజీ అందరికీ తెలుసు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్, ఆ పాటకు స్వరం కట్టడంలో పాలుపంచుకున్నావిడ, 1917లో అడయారులో ఏర్పడిన విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ వ్యవస్థాపకుల్లో ఒకరు. ఆ సంఘం శాఖలు ఓటుహక్కు కోసం పోరాడుతూనే స్త్రీలకు చదువు, ప్రథమ చికిత్స, కుట్టుపని నేర్పే తరగతులు నడిపాయి. ఓటు, సూది ఒకే గదిలో కూర్చున్న కాలం అది. పాట గురించి చెప్పినంతగా ఈ సంగతిని మదనపల్లె చెప్పుకోదు. చెప్పుకోవాలి.

కుట్టుమిషన్ రాకతో చేతికుట్టు తీరే మారిపోయింది. ఐజాక్ సింగర్ 1851లో పేటెంటు పొందిన యంత్రం 1870ల నుంచి మన దేశంలో అమ్ముడుపోతూ వచ్చింది. వాయిదాల మీద ఇవ్వడంతో మామూలు దర్జీకి కూడా అందింది. యంత్రాల మీద అంత గుర్రుగా ఉన్న గాంధీజీ సైతం 1924లో ఒక విద్యార్థితో మాట్లాడుతూ కుట్టుమిషన్‌ను మినహాయించారు. భార్య చేతికుట్టుతో పడే అవస్థ చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన మెచ్చుకున్నారు. 1930లలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలైంది. ఆ తర్వాతి తరానికి కుట్టుమిషన్ పెళ్లిసారెలోకి కూడా చేరింది.

మిషన్ వచ్చినా కాగితపు ప్యాటర్న్ మాత్రం మన ఇళ్లలో పాతుకోలేదు. ఇక్కడ దాని అవసరం అంతగా పడలేదు. మన ఆడవాళ్లు ఒంటికి సరిపోయిన పాత జాకెట్టునో పావడనో 'ఆది'గా టైలరుకిచ్చి వస్తారు. ఎవరో ఊహించిన సగటు ఒంటి కంటే తన ఒంటి మీద నలిగిన బట్టే నమ్మకమైన కొలత. కాగితం నేర్చుకునేవాళ్లకే పనికొచ్చింది. ప్రభుత్వ టెక్నికల్ పరీక్షల్లో టైలరింగ్, ఎంబ్రాయిడరీ లోయర్, హయ్యర్ కట్టేవాళ్లు ముందు పాత దినపత్రికల మీద పేపరు కటింగ్ చేస్తారు, చిన్న కొలతల్లో కత్తిరించి రికార్డు పుస్తకంలో అతికిస్తారు. చేయి కుదిరాక సుద్దముక్కతో నేరుగా గుడ్డ మీదే గీత. దేశం 1956 చట్టంతో మీటర్లలోకి వెళ్లింది గానీ టేపులో టైలరు చూసేది ఇప్పటికీ అంగుళాల వైపే.

మిల్లు గుడ్డ, అందులోనూ వాయిలు, పాప్లిన్ లాంటి పూల నూలు గుడ్డలు, అంచు కట్టుబాటు నుంచి కత్తెరను విడిపించాయి. ఎండాకాలానికి అంబ్రెల్లా కట్ అలా వచ్చింది. గుడ్డను నాలుగు మడతలు వేసి, మూల నుంచి నడుములో ఆరో వంతు కొలిచి, పావంగుళం తగ్గించి వంపు గీస్తారు. 28 అంగుళాల నడుముకు అది నాలుగున్నరకు ఓ పిసరు తక్కువ. ఈ సూత్రం వెనక వృత్తపు లెక్క ఉందని చాలామంది మాస్టర్లు చెప్పరు, కానీ తప్పరు. పావంగుళం ఎందుకు తగ్గిస్తారంటే, ఏటవాలుగా తెగిన గుడ్డ ఎలాగూ సాగుతుంది. అదే కారణంగా కుట్టిన అంబ్రెల్లాను ఒక రాత్రంతా వేలాడదీసి, సాగినచోట సరిచేశాకే అంచు మడవాలి. నూలు గుడ్డయితే అంతకుముందే నీళ్లలో నానేసి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకుకే అంగుళం పైన పోతుంది.

పొట్ట కొంచెం ముందుకున్నవాళ్లకు ముందువైపు అంచు పైకి లేస్తుంది. కొత్తగా నేర్చినవాళ్లు కింద అంచును దిద్దుతారు. చేయి తిరిగినవాళ్లు ముందు ముక్కకు నడుము దగ్గరే అర అంగుళమో ముప్పావో ఎక్కువ పెడతారు. నడుము లోపలికి వంగి ఉంటే వెనక ముక్కలో అక్కడే తగ్గిస్తారు. లోపం కింద కనబడినా మందు పైనే ఉంటుంది.

అయితే అంబ్రెల్లా పావడ ఎదగదు. 34 అంగుళాల పొడవుకు దాదాపు నాలుగు మీటర్ల గుడ్డ తింటుంది, కానీ వంపు అంచును లోతుగా మడవడం కుదరదు, అర అంగుళం దాటితే ముడతలు పడతాయి. విప్పి దించుకోవడానికి ఏమీ మిగలదు. అందం విషయంలో అంబ్రెల్లాకు సాటి లేదు. రెండేళ్లు రావాలన్న తల్లి కోరిక మాత్రం అది తీర్చలేదు.

పంజాబీ డ్రస్సులొచ్చాక రోజువారీ పావడలు తగ్గాయి. పట్టు పావడ పండగలకు, లంగా ఓణీ వేడుకలకు పరిమితమైంది. బటరిక్ సైజుల ప్యాటర్న్ చివరికి ఈ ఊళ్ల మనుషులను మరో దారిలో అందుకుంది. బెంగుళూరు గార్మెంట్స్ కంపెనీల్లో ఒక ప్యాటర్న్ కింద పదుల పొరల గుడ్డ ఒక్కసారే తెగుతుంది. కుప్పం నుంచి వంద కిలోమీటర్ల పైన ఉన్న ఆ నగరానికి పొద్దున్నే బండెక్కి పనికి పోయి వచ్చేవాళ్లు ఎందరో. కంపెనీ లైన్లో ఒకరు నడుము పట్టీ వేస్తే ఇంకొకరు పక్క కుట్టు వేస్తారు. మొత్తం పావడ ఎవరి చేతిలోనూ పూర్తి కాదు.

ఆ లైన్లోనే ఓవర్‌లాక్ మిషన్ ఉంటుంది. కుట్టు పక్కన మిగిలిన గుడ్డను కోసేస్తూ అంచు అల్లుతుంది. రెడీమేడ్ స్కర్టు లోపల అర అంగుళం కూడా మిగలదు. అందుకే మదనపల్లె బజారులో ఆల్ట్రేషన్ కోసం వచ్చే రెడీమేడ్ బట్టల్ని టైలరు బిగించి ఇవ్వగలడు, వదులు చేయమంటే చేయి తిప్పేస్తాడు. గుడ్డ కొని కుట్టించుకునేవాళ్లు పక్క కుట్టులో అంగుళం, అంచులో మూడంగుళాలు వదలమని ఇప్పటికీ అడగవచ్చు. అడిగితే కుప్పంలోనైనా పుంగనూరులోనైనా టైలర్లు ఆ మాత్రం గుడ్డ వదిలే కుడతారు.